రోడ్డు దాటేవాళ్ల లెక్క ఎక్కడుంది?

(విశాఖపట్నం మధురవాడలో కాలనీల నివాసులు ఏర్పాటు చేసుకున్న సభలో ఒక రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజనీర్ ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పీఎం పాలెం, కొమ్మాది, మిథిలాపురి కాలనీ, వాంబే కాలనీ, ఎండాడ, ఇన్ని చోట్ల నుంచి వచ్చారు. చాలా సంతోషం. అపార్ట్‌మెంట్ల వాళ్లు, సొంత ఇళ్ల వాళ్లు, పాత ఊళ్ల వాళ్లు ఒకే హాల్లో కూర్చోవడం మన దగ్గర అరుదు. అందరి ఇబ్బందీ ఒకటే అయినా ఎవరి వాట్సాప్ గ్రూపులో వాళ్లం బాధపడి ఊరుకుంటున్నాం.

నాకు ముందు మాట్లాడిన తమ్ముడు, ఇక్కడ ఇక ఒక్క బిల్డింగూ లేవకూడదు, ఫ్లైఓవర్ అసలే రాకూడదు అన్నాడు. ఆ కోపం నాకు అర్థమైంది. కానీ ఆ మాట నేను అనలేను. మనమందరం ఎప్పుడో ఒకప్పుడు లేచిన బిల్డింగుల్లోనే ఉంటున్నాం. మన పిల్లలు హైదరాబాద్, బెంగళూరు పోకుండా ఇక్కడే ఉద్యోగం చేసుకోవాలని మొక్కుకున్నది మనమే. ఆ ఉద్యోగాలు వస్తున్నప్పుడు, వాటితోపాటు వచ్చే మనుషులకి ఇళ్లు వద్దంటే ఎలా?

నా బాధ వేరే చోట ఉంది. హైవే ప్లాన్ తీసినా, బిల్డింగ్ ప్లాన్ తీసినా, లెక్కలన్నీ రోడ్డు పొడవునే సాగుతాయి. ఎన్ని వాహనాలు, ఎంత వేగం, ఎంత వెడల్పు. రోడ్డుకి అడ్డంగా వెళ్లేవాటి గురించి ఒక్క పేజీ ఉండదు. మన ప్రాంతంలో రోడ్డుకి అడ్డంగా వెళ్లేవి రెండు. ఒకటి మనుషులు. రెండోది కొండ మీద నుంచి దిగే వాన నీళ్లు. ఇవాళ నేను మాట్లాడేదంతా ఈ రెండింటి గురించే.

మధురవాడ ఎలా మారిందో మీకు చెప్పక్కర్లేదు. జీడి తోటలు, మామిడి తోటలు, సర్వి తోటలు, మధ్యలో పంచాయతీలు. 2005లో గాజువాక మున్సిపాలిటీతోపాటు చుట్టుపక్కల 32 గ్రామాలను కలిపి గ్రేటర్ విశాఖ చేసినప్పుడు మనం నగరంలోకి వచ్చాం. అదే సంవత్సరం ఏప్రిల్‌లో మన పీఎం పాలెం స్టేడియంలో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టాడు, ఊరి పేరు దేశమంతా వినిపించింది. తర్వాత ఐటీ కొండలు, కాలేజీలు, గేటెడ్ కమ్యూనిటీలు. ఇప్పుడు ఉత్తరాన భోగాపురం విమానాశ్రయం. దానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. నగరం నుంచి అక్కడికి పోయే ట్రాఫిక్‌లో పెద్ద భాగం మన గుమ్మం ముందు నుంచే పోవాలి. ఆనందపురం మండలం తర్లువాడ దగ్గర గూగుల్ డేటా సెంటర్ అని 2025 అక్టోబరులో ప్రకటించారు. కాపులుప్పాడ, రుషికొండ వైపు ఐటీ కంపెనీలకి స్థలాలు ఇచ్చారు. నగరం ఉత్తరానికి పెరుగుతోంది. ఆ ఉత్తరంలో మొదటి ఊరు మనదే.

ఇక హైవే సంగతి. పాత ఎన్‌హెచ్ 5, ఇప్పటి ఎన్‌హెచ్ 16. కలకత్తా నుంచి మద్రాసు పోయే లారీ ఒకప్పుడు ఆనందపురం, మధురవాడ, ఎండాడ, హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్‌ఏడీ, గాజువాక, ఇలా నగరం నడుమ నుంచే పోవాలి. ఆ బాధ తప్పించడానికే ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి దాకా సుమారు 50 కిలోమీటర్ల ఆరు వరసల బైపాస్ వేశారు. మంచి పని. దూరం పోయే లారీకి ఇక మన ఊళ్లోకి రావలసిన అవసరం లేదు.

మరి ఈ రోడ్డు మీద ఇప్పుడు ఎవరున్నారు? మనమే. కాలేజీ బస్సులు, ఐటీ క్యాబ్‌లు, ఆర్టీసీ కాంప్లెక్స్‌కి పోయే సిటీ బస్సులు, షేర్ ఆటోలు, పాల వ్యాన్లు, బైకులు. పేరుకి జాతీయ రహదారి, పనికి మన మెయిన్ రోడ్డు. ఇటు కిరాణా కొట్టు, అటు బడి. ఇటు ఇల్లు, అటు గుడి. మెయిన్ రోడ్డుకి కావలసిన డిజైన్ వేరు, లారీ ఆగకుండా 80 కిలోమీటర్ల వేగంతో పోవడానికి కావలసిన డిజైన్ వేరు. బైపాస్ వచ్చాక కూడా రెండో డిజైన్‌నే పట్టుకుని వేలాడటం నాకు మింగుడుపడటం లేదు.

మెట్రో ప్రతిపాదన మీరు పేపర్లలో చూశారు. మొదటి దశలో 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు. స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా ప్రధాన మార్గం, 34.4 కిలోమీటర్లు. అందులో రెండు చోట్ల డబుల్ డెక్కర్ అంటున్నారు. కింద రోడ్డు, దాని మీద నాలుగు వరసల ఫ్లైఓవర్, ఆ పైన మెట్రో. ఒకటి గాజువాక నుంచి స్టీల్ ప్లాంట్ దాకా 4.01 కిలోమీటర్లు. రెండోది మధురవాడ నుంచి తాటిచెట్లపాలెం దాకా 15.06 కిలోమీటర్లు. చాలామంది ఈ 15 కిలోమీటర్ల అంకె చూసి సంబరపడ్డారు. నేను మాత్రం 'మధురవాడ నుంచి' అన్న మాట దగ్గర ఆగిపోయాను. మొదలు మధురవాడ అంటే ర్యాంపు దిగేది మధురవాడలో.

ర్యాంపు అంటే ఏమిటో కొంచెం లెక్క వేద్దాం. నగరంలో ఫ్లైఓవర్ కింద 5.5 మీటర్ల ఎత్తు ఖాళీ వదలాలి. డెక్ మందం, దూలాలు ఓ 2 మీటర్లు వేసుకోండి. మొత్తం 7.5 మీటర్లు. వాహనాలు ఇబ్బంది లేకుండా ఎక్కాలంటే 30 మీటర్లు ముందుకెళితే 1 మీటరు ఎత్తు, సాధారణంగా అదీ వాలు. అంటే ర్యాంపు 225 మీటర్లు. అందులో ఎత్తు తక్కువగా ఉన్న భాగాన్ని రెండు వైపులా గోడ కట్టి, మధ్యలో మట్టి నింపుతారు. ఆ గోడ ఉన్నంత మేరా ఇటువాళ్లు అటు పోలేరు. మేక కూడా పోలేదు. ఆ గోడ మన జంక్షన్లో పడుతుందా, జంక్షన్ దాటాక పడుతుందా? ఆ ఒక్క ప్రశ్నకి జవాబు బట్టి మన రోజువారీ బతుకు మారిపోతుంది. అది ఇవాళ అడగాలి, పునాదులు తవ్వాక అడిగి లాభం లేదు.

పొద్దున్న ఏడు గంటలకి కార్‌షెడ్ జంక్షన్ దగ్గర ఒక్క పావుగంట నిలబడండి. వాంబే కాలనీ నుంచి ఇళ్లల్లో పనికి వచ్చే ఆడవాళ్లు డివైడర్ సందు దగ్గర గుంపుగా ఆగుతారు. గుంపుగా ఎందుకంటే ఒక్కరే దిగితే ఎవరూ బ్రేక్ వేయరు, పదిమంది దిగితే వేస్తారు. కొంగు నడుంకి చుట్టి, టిఫిన్ డబ్బా సంచీ చంకలో పెట్టుకుని, ఎవరో ఒకావిడ 'రండే' అంటుంది, అందరూ దిగుతారు. వాళ్లు లారీ కేసి చూడరు. లారీ ఎటు నుంచి వస్తుందో తెలుసు, కనిపిస్తుంది. సర్వీసు రోడ్డులో రాంగ్ సైడ్‌లో వచ్చే బైకు కోసం చూస్తారు. మొన్న ఒకావిడని అడిగితే, 'హైవే దాటడం కాదు బాబూ, దాటేశాం అనుకున్నాక ఆ చివరి నాలుగు అడుగులే టెన్షన్' అంది. ముప్ఫై ఏళ్లు ఇంజనీరింగ్ చేసిన నాకు ఆ మాట ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మామూలు మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని లెక్క కడతారు. సర్వీసు రోడ్లతో కలిపి 60 మీటర్ల రోడ్డు అనుకుంటే, ఆగకుండా నడిస్తే 50 సెకన్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి, పిల్లాణ్ణి చంకనేసుకున్న తల్లికి 70, 80 సెకన్లు. ఏ సిగ్నల్ అంతసేపు ఆగుతుంది? ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉంటే చాలదా అంటారు. ఆరు మీటర్ల ఎత్తుకి మెట్టు 15 సెంటీమీటర్లు వేసుకుంటే 40 మెట్లు ఎక్కాలి, మళ్లీ 40 దిగాలి. బియ్యం బస్తాతో, గ్యాస్ సిలిండర్‌తో, డయాలసిస్ చేయించుకుని వచ్చిన మనిషితో! లిఫ్ట్ లేని వంతెన దాటే మనిషి కోసం కట్టింది కాదు. కింద వాహనం ఆగకుండా ఉండటానికి కట్టింది. నా మాట కటువుగా ఉంటే ఉండనీయండి.

మనం అడగాల్సింది ఇది. మెట్రో స్టేషన్ వచ్చేటట్టయితే, దాని మధ్య అంతస్తు టిక్కెట్ లేకుండా ఇటు నుంచి అటు దాటడానికి అందరికీ తెరిచి ఉండాలి. లిఫ్టూ, ఎస్కలేటరూ రోడ్డుకి రెండు వైపులా ఉండాలి. ర్యాంపు ఎక్కడ దిగినా, జంక్షన్ దగ్గర నేల మీదే దాటే దారి మిగలాలి. ఇది డిజైన్ దశలో పెన్సిల్ గీతతో పోయే పని. కట్టాక అయితే కోట్లు.

(సభలోంచి ఒకరు: మరి వర్షాకాలంలో సర్వీసు రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ల సంగతో?)

అదే చెప్పబోతున్నానమ్మా. ఇది నా వృత్తి కాబట్టి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను.

మనకి పడమర కంబాలకొండ. 2002లో అభయారణ్యంగా ప్రకటించారు, సుమారు 70 చదరపు కిలోమీటర్లు. తూర్పున రుషికొండ, ఆ పక్క కొండలు, వాటి అవతల సముద్రం. మధ్యలో పళ్లెంలా మనం. కంబాలకొండ మీద పడ్డ వాన మన మీదుగా తూర్పుకి పోయి సముద్రంలో కలవాలి. ఆ నీళ్లు పోయే దారులే గెడ్డలు. హైవే ఉత్తర దక్షిణాలుగా పోతుంది. నీళ్లు పడమర నుంచి తూర్పుకి పోతాయి. రోడ్డు వాళ్ల కళ్లకి అది రోడ్డు, మా శాఖ వాళ్ల కళ్లకి అది గట్టు. గట్టు అన్నాక తూములుండాలి. మన గట్టుకి తూములు కల్వర్టులు.

ఎంత నీరో చూడండి. కొండవాలు ఒక చదరపు కిలోమీటరు తీసుకుందాం. తుపాను రోజున 100 మిల్లీమీటర్లు పడిందనుకుందాం, అది మనకి కొత్త కాదు. ఆ ఒక్క చదరపు కిలోమీటరు మీద పడ్డ నీళ్లు 10 కోట్ల లీటర్లు. చెట్లూ పొదలూ ఉంటే అందులో చాలా భాగం నేల తాగుతుంది, మిగిలింది నెమ్మదిగా దిగుతుంది. అదే చోట శ్లాబులు, తారు రోడ్డు, టైల్స్ పరిచిన పార్కింగ్ ఉంటే, పదింట ఎనిమిది తొమ్మిది వంతులు వెంటనే పరుగెత్తుకొస్తాయి. వాన పెరగలేదు, నేల మారింది. పాత కల్వర్టు మాత్రం పాత లెక్కకే కట్టి ఉంది.

కొమ్మాదికి ఇవతల ఒక కల్వర్టు ఉంది. వేసవిలో దిగి చూశాను. నోటికి అడ్డంగా ఒక నీటి పైపు, దాని మీద రెండు కేబుల్ గొట్టాలు. పైపుకి తగులుకుని కొబ్బరి బొండాలు, థర్మోకోల్, చిరిగిన పరుపు ఒకటి. లోపల సగం ఎత్తు దాకా పూడిక. పై వైపు గెడ్డ ఇంకా ఆరు మీటర్ల వెడల్పు ఉంది, తుంగ పెరిగి ఉంది. రోడ్డు దాటి కింది వైపుకి వెళితే, అదే గెడ్డని రెండు మీటర్ల సిమెంటు కాలువ చేసి పైన పలకలు వేసేశారు. పలకల మీద టిఫిన్ బండి. ఆ టిఫిన్ బండి అబ్బాయి తప్పేమీ లేదు, అతనికి అది గట్టి నేల. ఆరు మీటర్ల నీళ్లు రెండు మీటర్లలో ఎలా పడతాయో ఆ కాలువ డిజైన్ మీద సంతకం పెట్టిన వాళ్లు చెప్పాలి. పట్టవు. పట్టని నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి, సర్వీసు రోడ్డు ఎక్కుతాయి, పల్లంలో ఉన్న ఇళ్ల సంపుల్లోకి దిగుతాయి. సంపులోకి దిగాక ఆ నీళ్లలో ఏమేం కలిసి ఉంటాయో ఇక్కడ కూర్చున్న ఆడవాళ్లకి బాగా తెలుసు.

ఇప్పుడు దీనికి మెట్రో స్తంభాలు తోడు చేయండి. స్తంభం పునాది నేల కింద విస్తారంగా ఉంటుంది. గెడ్డ దారిలో పడితే అడ్డమే. అందుకే మెట్రోకి ముందు కల్వర్టులు కొత్త లెక్కతో తిరగకట్టమని అడగాలి. రోడ్డు ఎలాగూ తవ్వుతారు. తవ్వినప్పుడే పెద్ద బాక్సు కల్వర్టు పెట్టేస్తే సరి. ఎండాడ నుంచి మారికవలస దాకా ప్రతి కల్వర్టునీ, దాని కింది గెడ్డ సముద్రం చేరే దాకా నడిచి చూసి, లెక్క తయారు చేయాలి. ఆఫీసులో మ్యాపు మీద కుదిరే పని కాదిది.

గెడ్డ ఎవరిది అని అడుగుతారు. రెవెన్యూ రికార్డుల్లో గెడ్డ పోరంబోకు అని స్పష్టంగా ఉంటుంది. సర్వే నెంబరు, ఎఫ్‌ఎంబీ స్కెచ్, అంటే ఆ నెంబరు కొలతల పటం, తీయించండి. వెడల్పు అందులో ఉంటుంది. ఇప్పుడు నేల మీద ఎంత మిగిలిందో టేపు పెట్టి కొలవండి. రెండూ పక్కపక్కన రాసి ఇస్తే, మనం నోటితో చెప్పాల్సింది ఏమీ ఉండదు.

బిల్డింగుల దగ్గరికి వస్తాను. మన రాష్ట్రంలో బిల్డింగ్ ఎంత ఎత్తు కట్టొచ్చన్నది ప్రధానంగా ముందున్న రోడ్డు వెడల్పు చూసి, చుట్టూ వదిలిన ఖాళీ స్థలం, అదే సెట్‌బ్యాక్, చూసి తేలుస్తారు. 2017 నిబంధనల్లో 18 మీటర్లు, ఆపై అయితే హైరైజ్. ఒక్కో బిల్డింగ్‌కి విడివిడిగా చూస్తే నిబంధన సరిగ్గానే ఉంది. ఫైర్ ఇంజన్ తిరగాలి, గాలి వెలుతురు ఉండాలి. చిక్కు ఎక్కడంటే, అదే రోడ్డు మీద అలాంటివి పన్నెండు లేస్తే ఏమిటన్నది ఎవరి ఫైల్లోనూ ఉండదు. గేటు ముందు రోడ్డు 60 అడుగులు, బాగుంది. ఆ 60 అడుగుల రోడ్డు మలుపు తిరిగి 30 అడుగుల ఊరి రోడ్డులో కలిసి, అక్కడి నుంచి హైవే ఎక్కాలి. సీసా మూతి సన్నమని సీసా కట్టినవాడికి తెలియదా?

నీళ్ల లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలని కేంద్ర ప్రమాణం. 400 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, ఫ్లాటుకి నలుగురు. రోజుకి 2 లక్షల 16 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే 43. ఒక్క అపార్ట్‌మెంట్‌కి, రోజుకి! మన నీళ్లు తాటిపూడి నుంచి, రైవాడ నుంచి, ఏలేరు కాలువ నుంచి, మేఘాద్రిగెడ్డ నుంచి రావాలి. నగరానికి కావలసినంత అక్కడ ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న. ఉన్నా మన గొట్టం దాకా వస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. రాకపోతే బోరు. మన కింద ఉన్నది గట్టి రాయి. పైన పొర పల్చన, అందులో ఊరిన నీరే మన బోరు నీరు. ఒకరు లోతుకి వేస్తే పక్కవాళ్ల బోరు ఎండుతుంది, ఆ తర్వాత వాళ్లూ లోతుకి వేస్తారు.

ఇంకొకటి మీరూ చూసే ఉంటారు. సెల్లార్ తవ్వేటప్పుడు ఊట పడుతుంది. దాన్ని మోటారు పెట్టి రాత్రింబవళ్లు తోడి రోడ్డు పక్క కాలువలోకి వదిలేస్తారు. ఏప్రిల్ నెలలో! ఆ వీధిలోనే జనం ట్యాంకర్‌కి ఫోన్ చేస్తుంటారు. కనీసం ఆ నీళ్లని పక్క ఖాళీ స్థలంలో ఇంకుడు గుంతల్లోకి మళ్లించమని షరతు పెట్టొచ్చు. దానికి ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

హైవేకీ బిల్డింగులకీ ముడి ఎక్కడుందో చాలామంది గమనించలేదు. రోడ్డు వెడల్పు చేస్తే స్థలం పోయినవాళ్లకి కార్పొరేషన్ చాలాసార్లు డబ్బు బదులు టీడీఆర్ బాండ్, అంటే కట్టుకునే హక్కుని బదిలీ చేసుకునే పత్రం, ఇస్తుంది. ఆ బాండ్ అమ్ముకోవచ్చు. కొన్నవాళ్లు దాంతో ఇంకోచోట అదనంగా అంతస్తు వేసుకోవచ్చు. అంటే ఒక వీధిలో రోడ్డుకి ఇచ్చిన స్థలం ఇంకో వీధిలో అంతస్తుగా లేస్తుంది. నగరంలో ఎక్కడో రోడ్డు వెడల్పు చేస్తే దాని బరువు మధురవాడ మీద పడొచ్చు. బాండ్ వల్ల స్థలం పోయినవాళ్లకి న్యాయం జరుగుతుంది, నేను దానికి వ్యతిరేకం కాదు. ఏ వార్డులో ఎన్ని బాండ్లు దిగాయో, ఎంత అదనపు కట్టడం వచ్చిందో వార్డు వారీగా బయట పెట్టమని మాత్రం గట్టిగా అడుగుతాను.

పెద్ద ప్రాజెక్టు, అంటే 20 వేల చదరపు మీటర్లు, ఆపై కట్టడమైతే పర్యావరణ అనుమతి ముందే తీసుకోవాలి. 2006 నోటిఫికేషన్ అది. కానీ ఇళ్ల ప్రాజెక్టులకి అందులో ప్రజాభిప్రాయ సేకరణ మినహాయించారు. కాబట్టి పక్కింటివాళ్లుగా మనల్ని పిలిచి ఎవరూ అడగరు. అయినా ఒక దారి ఉంది. అనుమతి తీసుకున్నవాళ్లు షరతులు ఎంతవరకు పాటించారో ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి నివేదిక ఇవ్వాలి. అది రహస్య పత్రం కాదు. మురుగు శుద్ధి ప్లాంటు నడుస్తోందా, ఇంకుడు గుంతలు ఉన్నాయా, నీళ్లు ఎక్కడి నుంచి తెస్తున్నారు, అన్నీ రాయాలి. మన పక్క అపార్ట్‌మెంట్ నివేదిక తెప్పించి, గోడ అవతల మనం రోజూ చూసేదానితో పోల్చి చూద్దాం. అక్కడ ఫ్లాట్లు కొన్నవాళ్లు కూడా ఈ పని మనతో కలిసి చేయాలి. నీళ్లు లేని ఫ్లాటుకి ఈఎంఐ కడుతున్నది వాళ్లే. వాళ్లు మనకి ఎదురుపక్షం కాదు.

ఒక అమ్మాయి చీటీ పంపింది. 'మెట్రో వస్తే స్టేషన్ చుట్టూ ఎత్తైన బిల్డింగులు ఉండటమే మేలు కదా, లేకపోతే నగరం ఇంకా దూరం పాకి కొండలు, పొలాలు పోతాయి కదా' అని. మంచి ప్రశ్నమ్మా. నీతో నేను ఏకీభవిస్తాను. ఆనందపురం దాటి పద్మనాభం దాకా ప్లాట్లు పరచడం కంటే స్టేషన్‌కి నడిచిపోయే దూరంలో పదిహేను అంతస్తులు లేవడం నయం. ఎర్రమట్టి దిబ్బల పక్కనా, కంబాలకొండ అంచునా ఇళ్లు మొలవడం కంటే ఎంతో నయం. ఎత్తు మీద నాకు కోపం లేదు, వరస మీదే నా పేచీ. ముందు నీళ్ల గొట్టం, మురుగు గొట్టం, గెడ్డ, లోపలి రోడ్డు, ఫుట్‌పాత్, బస్సు. ఆ తర్వాత అంతస్తులు. మన దగ్గర అంతస్తులు ముందు వచ్చేస్తాయి, భూగర్భ డ్రైనేజీ పనులు తర్వాత మొదలై వేసిన రోడ్డునే మళ్లీ తవ్వుతాయి. స్టేషన్ చుట్టూ ఎత్తు పెంచుతామంటే, దానికి సరిపోయే ఫుట్‌పాత్ ఎప్పటికి వేస్తారో తేదీతో చెప్పమనాలి.

బీఆర్‌టీఎస్ మరిచిపోకండి. బస్సులకి ప్రత్యేక వరసలన్నారు, పెందుర్తి నుంచి సింహాచలం మీదుగా ఒక మార్గం, ఎన్‌ఏడీ మీదుగా ఒక మార్గం. రోడ్లు వెడల్పయ్యాయి, ఇళ్లు పోయాయి, గుడి భూముల దగ్గర, అడవి దగ్గర ఏళ్ల తరబడి పని ఆగింది. చివరికి బస్సుల కోసం గీసిన వరసల్లో కార్లు తిరిగాయి. బస్సు పేరు చెప్పి వేసిన రోడ్డులో బస్సుకి చోటు లేకుండా పోయింది. మెట్రో పేరు చెప్పి నాలుగు వరసల ఫ్లైఓవర్ ముందు కట్టేసి, మెట్రో తర్వాత చూద్దాం అంటారేమోనన్నది నా భయం. రెండింటికీ ఒకే గడువు పెట్టమని రాతపూర్వకంగా అడుగుదాం. ఈలోపు సిటీ బస్సులు పెంచమని కూడా అడుగుదాం. దానికి స్తంభాలు అక్కర్లేదు.

ఇప్పుడు చేయాల్సిన పని. భూసేకరణ నోటీసు హైవేల చట్టం కింద వస్తే, గెజిట్‌లో ప్రచురించిన రోజు నుంచి అభ్యంతరం చెప్పడానికి 21 రోజులే. స్థానిక పత్రికల్లో కూడా వేస్తారు, ఒకటి తెలుగు పత్రిక ఉంటుంది, కానీ లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో పడుతుంది. ప్రతి కాలనీ నుంచి ఒకరు ఆ ప్రకటనలు చూసే బాధ్యత తీసుకోవాలి. రిటైరైనవాళ్లం ఉన్నాం, పొద్దున్నే పేపరు చదివే పని మాది. అభ్యంతరం రాసేటప్పుడు 'మాకు అన్యాయం జరుగుతోంది' అని రాసి ఊరుకోకండి. సర్వే నెంబరు, ఎన్ని గజాలు పోతుంది, మిగిలిన స్థలానికి దారి ఉంటుందా, ప్రత్యామ్నాయంగా గీత ఎటు జరపొచ్చు, ఇవి రాయండి. 2041 మాస్టర్ ప్లాన్ ముసాయిదా 2021లో బయటపెట్టినప్పుడు రోడ్ల గీతల మీద పెద్ద ఎత్తున అభ్యంతరాలు వెళ్లాయి. కోపంతో రాసిన కాగితం కంటే కొలతలతో రాసిన కాగితానికి అధికారి జవాబు చెప్పక తప్పదు. నేను బల్లకి అటుపక్క కూర్చున్నవాణ్ణి, నాకు తెలుసు.

అద్దెకుండేవాళ్లు, రోడ్డు పక్క చిన్న వ్యాపారాల వాళ్లు ఈ నోటీసుల్లో ఎక్కడా కనపడరు. వాళ్ల పేర్లు మన జాబితాలో మనమే రాయాలి.

ఇంకొకటి, రాజ్యాంగంలోనే ఉంది. 3 లక్షల జనాభా దాటిన నగరంలో వార్డు కమిటీలు ఉండాలి, 243ఎస్ అధికరణం. మన నగర జనాభా 2011 లెక్కలకే 17 లక్షల 28 వేలు. ఏడాదికి నాలుగుసార్లయినా వార్డు కమిటీ కూర్చుని, ఈ మూడు నెలల్లో ఏ వీధిలో ఎన్ని ఫ్లాట్లకి ప్లాన్ ఇచ్చారు, ఆ వీధికి నీళ్లెన్ని వస్తున్నాయి అన్న రెండు అంకెలు గోడ మీద అంటించాలి. మిగతా వాదనలు ఆ తర్వాత.

కల్వర్టుల నడకకి వచ్చే ఆదివారం పొద్దున్న ఆరు గంటలకి బయలుదేరుదాం, ఎండెక్కేలోపు మారికవలస చేరాలి. టేపు నా దగ్గర ఉంది. ఫోన్లో ఫొటోకి లొకేషన్ పడేట్టు పెట్టుకోండి. పాత ఊళ్ల పెద్దలు ఇద్దరైనా మాతో రావాలి, గెడ్డ అసలు ఎటు పారేదో చెప్పగలిగేది వాళ్లే. పేర్లు రాయించుకునే రిజిస్టర్ తలుపు పక్క బల్ల మీద ఉంది.

మైకు వాంబే కాలనీ వాళ్లకి ఇవ్వండమ్మా. మధ్యాహ్నం మళ్లీ పనికి వెళ్లాలి వాళ్లు, మిగతావాళ్ల ప్రశ్నలు తర్వాత తీసుకుంటాను.